రెండు జడల పుర్రె

"మా పిల్ల పానానికి ఏమన్న చేసుకుంటదేమో సారవ్వా. నాకు పొద్దుగాల్నుంచి పని మీద మనసు పడ్తలేదు," అంది జమున.

పక్క క్వార్టరు సారవ్వ చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. "మొన్న గ్యాస్ పేలుతదన్నవు. నిన్న సంపత్‌కు షుగరొచ్చిందన్నవు. ఏమైంది? గ్యాస్ గట్లనే ఉన్నది, నీ మొగడు గట్లనే ఉన్నడు."

"ఇది గట్ల కాదు. ఈ పత్రికల రాసిండ్రు."

జమున ఒళ్లోని పత్రిక విప్పింది. కూతురు హర్షిణి ఇంటర్‌లో చేరాక, జనరల్ నాలెడ్జి పెరుగుతుందని బస్టాండులో తనే నెలనెలా కొనిచ్చే పత్రిక. ఏడో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివింది. "హెవీ మెటల్ పాటలట. అవి వినే పిల్లలు తలుపులు ఏసుకుంటరట. నల్లబట్టలు కడతరట. పుర్రెలు గీస్తరట. పిలిస్తే పలకరట. ఆఖరికి పానమే తీసుకుంటరట."

"మన బొగ్గుబాయిల మొగోళ్లంత నెత్తి నుంచి కాళ్ల దాక నల్లగనే ఎక్కొస్తరు," అంది సారవ్వ. "వాళ్ల గురించి ఎవలు రాయకపాయె."

జమునకు నవ్వు రాలేదు. లోపలి గదిలో హర్షిణి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంది. ఎవడో గొంతు చించుకుంటున్న చప్పుడు వాటి సందుల్లోంచి సన్నగా బయటికి వస్తోంది. పిల్ల మణికట్టు మీద పెన్నుతో గీసుకున్న పుర్రె ఉంది. ఆ పుర్రెకు రెండు జడలు.

సంపత్‌కు చెబుదామంటే ఆయనది సెకండ్ షిఫ్టు. వచ్చి అన్నం ముందు కూర్చునేసరికే కళ్లు మూతలు పడతాయి. బాయిలోకి దిగే మనిషి నెత్తిన ఈ ఫికరు కూడా పెట్టి పంపడానికి ఆమెకు మనసొప్పలేదు. చెప్పుకునే దిక్కు లేక ఆ పత్రికకే ఉత్తరం రాసింది. వెనక పేజీలో తల్లిదండ్రుల సమస్యలకు సలహాలు వేస్తారు. పేరు వెయ్యొద్దని కింద గీత గీసి మరీ రాసింది.

పేరు వెయ్యలేదు. మిగిలినదంతా వేశారు. గోదావరిఖని, భర్తది బొగ్గుబావిలో పని, ఇంటర్ రెండో సంవత్సరం చదివే కూతురు, మణికట్టు మీద రెండు జడల పుర్రె. కింద సలహా: "ఈ సంగీతం మీ అమ్మాయిని చీకటిలోకి లాగుతోంది. వెంటనే ఫోను తీసేసుకోండి. ఒంటరిగా వదలకండి."

క్లాసులో ఆ మణికట్టును ఎరగనివాళ్లు లేరు. అది అచ్చైన రోజు కాలేజీ నుంచి వచ్చిన హర్షిణి పత్రికను పొయ్యిగట్టు మీద పెట్టింది. విసరలేదు, మెల్లగానే పెట్టింది. "అందరు నన్ను దయ్యంపిల్ల అంటున్నరు. ఆ పేరు నువ్వు పెట్టిందే." హెడ్‌ఫోన్లు కూడా తీసి పత్రిక మీద ఉంచి, గదిలోకి పోయి గొళ్లెం వేసుకుంది.

ఆ తర్వాత మాట లేదు. కాలేజీకి పోతుంది, వస్తుంది, పెట్టింది తింటుంది, గొళ్లెం వేసుకుంటుంది. పాట కూడా ఆగిపోయింది. ఆ అరుపు సన్నగా వినబడుతున్నన్నాళ్లూ పిల్ల లోపల ఉందన్న ధైర్యం తనకు ఉండేదని, అది ఆగాక గానీ జమునకు తెలియలేదు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి స్టాండులో స్టీలు గిన్నెలు గలగలమంటే, ఈ ఇంట్లో తనతో మాట్లాడేవి అవేననిపించేది.

ఆదివారం సంపత్ డ్యూటీకి వెళ్లాక జమున హెడ్‌ఫోన్లు ఒళ్లో పెట్టుకుని హర్షిణి గది తలుపుకు ఆనుకుని కూర్చుంది.

"తప్పయింది బిడ్డా."

హెడ్‌ఫోన్లను ఒళ్లో అటూ ఇటూ తిప్పింది.

"నువ్వేమన్న చేసుకుంటవేమోనని..." అంటూ మొదలుపెట్టి మింగేసింది. ఈ మాట సారవ్వతో అంది, పత్రికతో అంది. ఇంకోసారి అనడానికి నోరు రాలేదు. భయం మాటలన్నీ పక్కకు తోసేశాక అడగడానికి ఒక్కటే మిగిలింది. ఇన్నాళ్లూ అది ఎవరినీ అడగలేదు.

"హర్షీ. ఆ పాటల వాడు ఏమంటడే?"

ఓపెన్‌కాస్టు సైరన్ మోగింది. నేల అదిరింది. గిన్నెలు కాసేపు గలగలమని ఊరుకున్నాయి. జమున లేవలేదు. వాకిట్లో పడ్డ ఎండ గడప దాటి ఇంట్లోకి జరిగొచ్చింది. ఎప్పటికో లోపల మంచం కిర్రుమంది.

"నాకు గూడ సగం సమజ్ కాదమ్మా." హర్షిణి గొంతు తలుపుకు బాగా దగ్గరగా వినిపించింది. "వాడు అరుస్తుంటె, నాకు అరిచే పని ఉండదు."