ఉదాహరణలోని మొగుడు

కొత్త పుస్తకం చేతికి రాగానే, కోచింగ్ సెంటర్లో పిల్లలు డిక్షనరీ మేడం అని పిలిచే ఇంగ్లీషు టీచరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. 'ఐదు వందల ఇంగ్లీషు ఇడియమ్స్, అర్థాలు, ఉదాహరణలు.' అట్ట మీద కోచింగ్ సెంటరు డైరెక్టరు ఫొటో, నున్నగా దువ్విన మీసంతో సహా. రచయిత కూడా ఆయనేనట! పదకొండేళ్లుగా ఆమె ఇడియమ్స్ ఏరి, అర్థాలు రాసి, పక్కనే సొంత వాక్యాలు చేర్చుకున్న రిజిస్టరు అది. పిల్లలకు జిరాక్సు తీయిస్తానని పట్టుకెళ్లిన పెద్దమనిషి గుట్టుచప్పుడు కాకుండా అచ్చేయించుకున్నాడు. ఆమె పేరు భూతద్దం పెట్టి వెతికినా లేదు.

ఇంట్లో పుస్తకం తిరగేసిన భర్తకు నవ్వు ఆగలేదు.

"'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే అమావాస్యకో పున్నమికో అని రాసి, కింద నేను కంచం కడగడం కూడా వేశాడే! పోనీలే, ఆ మీసాలాయనకి పేరు పిచ్చి."

"పోనీలే ఏంటి పోనీలే? నూట నలభయ్యో పేజీ చూడండి."

చూశాక ఆయన నవ్వు ఆగిపోయింది. 'హ్యాంగ్ బై ఎ థ్రెడ్', అంటే ప్రాణం కొట్టుమిట్టాడటం. కింద ఉదాహరణ: నా భర్త ప్రాణం తొమ్మిది రోజులు ఐసీయూలో కొట్టుమిట్టాడింది. ఆ వాక్యం ఆమె తొమ్మిదో రోజున ఐసీయూ బయట ఇనుప కుర్చీలో కూర్చుని రాసింది. ఏడుపు ఆపుకోవడానికి ఆ రోజు దొరికిన పని అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే ఆమె డైరెక్టరు గదిలోకి వెళ్లింది.

"అట్ట మీద నా పేరు వేయాలి సార్."

"ఇడియమ్స్ ఎవడబ్బ సొమ్మమ్మా? అందరూ వాడేవేగా! ఆవిష్కరణ సభలో మీకు ముందు వరసలో కుర్చీ వేయిస్తాంలే."

"ఇడియమ్స్ అందరివే. ఆ తొమ్మిది రోజులు మాత్రం నావి."

ఏ తొమ్మిది రోజులో ఆయనకు అర్థం కాలేదు. ఫోను ఎత్తి, చేత్తో తలుపు చూపించాడు. అచ్చేసిన పుస్తకాన్ని ఆయన కనీసం చదవలేదని ఆమెకు అప్పుడే తెలిసింది. ఒళ్లు ఇంకా మండింది.

సభ రోజున తల్లిదండ్రులతో హాలు కిటకిటలాడింది. ఒక్కో వాక్యం వెనకా తన సొంత అనుభవం ఉందని డైరెక్టరు కోతలు కోశాడు. ప్రశ్నలుంటే అడగమన్నాడు. ముందు వరసలోంచి ఆమె లేచి, నూట నలభయ్యో పేజీ బిగ్గరగా చదివింది.

"మీ భర్తగారికి ఇప్పుడెలా ఉందండీ?"

హాలంతా గొల్లున నవ్వింది. డైరెక్టరు గబగబా ఆ పేజీ తిరగేశాడు.

"అది... ప్రింటింగు మిస్టేకు..."

ఆమె నవ్వలేదు. కోపంగా పుస్తకం మూసి, హాలు వెనక్కి చెయ్యి చూపించింది.

"మిస్టేకు కాదు. ఆయన నా భర్త. అదిగో, వెనక కూర్చున్నారు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. దేనికైనా పోనీలే అనే ఆ మనిషి లేచి నిలబడ్డాడు.

"బాగానే ఉన్నానండీ," అన్నాడు, డైరెక్టరు కళ్లలోకి చూస్తూ. "ఈమధ్య కంచం కూడా రోజూ నేనే కడుక్కుంటున్నా. ఆ వాక్యం మార్చాలి. రాసినావిడ్నే మార్చమనండి."