పదకొండు రోగాల టీచరమ్మ

పదకొండేళ్లలో టీచరమ్మ ఒక్క శిక్షణకూ వెళ్లలేదు. వెళ్లనివ్వనిది ఆమె భర్త. ఇందులో వాదించడానికేమీ లేదు.

ప్రభుత్వం తన వంతు చేసింది. ఏటా వేసవి సెలవుల్లో పదిరోజుల శిక్షణ. ఉండటానికి గది, భోజనం, రానుపోను చార్జీలు ఇస్తామంటూ ఆమె పేరున కాగితం పంపేది. అది వచ్చిన సాయంత్రమే భర్త కళ్లజోడు తుడుచుకుని కూర్చునేవాడు. ముత్యాల్లాంటి దస్తూరి ఆయనది. ఆరోగ్యం బాగాలేనందున మినహాయించవలసిందిగా ప్రార్థన అని రాసి, వంటింట్లోకి తెచ్చి, "ఇక్కడో సంతకం పడేయ్" అనేవాడు. ఆమె తడిచేతులు తుడుచుకుని పెట్టేది.

మొదటి ఏడు పాప చంటిది, నిజమే. ఆ పాపకిప్పుడు పన్నెండేళ్లు. "నువ్వు లేకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడవే" అంటాడాయన. ఆ మాటకు ఆమె ఇప్పటికీ కరుగుతుంది. కరుగుతూనే అంట్లు తోముతుంది. అత్తగారు మాత్రం, "ఆడించకపోతే ఎందుకాడతాయమ్మా? తప్పు నాదే, అలా పెంచాను" అని నవ్వేది.

టీచరమ్మ దిగులు వేరు. ఆమె ఒకటో తరగతి పిల్లలు పాఠం గడగడా చదువుతారు. మాట మీద వేలు పెట్టి మూసినా ఆగకుండా చదివేస్తారు. చూసి కాదు, కంఠతా. దాన్ని ఎక్కడ మొదలుపెట్టి సరిచేయాలో ఆమెకు తెలియదు. చిన్నప్పుడు తనకెలా చెప్పారో అలాగే చెబుతోంది. ఏటా ముప్పైమంది అలాగే రెండో తరగతికి పోతున్నారు. పక్క గది టీచరు శిక్షణకు వెళ్లొచ్చాక ఆమె పిల్లలు గోడమీది ప్రకటనలు కూడా కూడబలుక్కుని చదువుతున్నారు. గోడ అవతలినుంచి ఆ తడబాటు వినిపించినప్పుడల్లా టీచరమ్మకు అసూయ.

ఈసారి శిక్షణ కాగితం రాలేదు. వేరే కాగితం వచ్చింది. పదకొండేళ్లుగా అనారోగ్యంతో ఉన్న ఉపాధ్యాయిని ఉద్యోగానికి తగునో కాదో తేల్చాలి, ఆఫీసుకు రావాలి అని. భర్త ముఖం పాలిపోయింది.

"నడుంనొప్పి ఉందని చెప్పు. అదెవరికీ కనపడదు."

"నాకు నడుంనొప్పి లేదండీ."

"లేదంటే నేను రాసినవన్నీ ఏమవుతాయే?"

ఆఫీసులో అధికారిణి ఉత్తరాలన్నీ బల్లమీద పరిచింది. నడుము, కళ్లు, ఉబ్బసం, రెండుసార్లు కామెర్లు. "ఇన్ని పెట్టుకుని బడికి ఒక్కరోజూ సెలవు పెట్టలేదేమ్మా?" అంది.

టీచరమ్మ ఆ దస్తూరి చూసింది. ఒక్కో అక్షరం ఎంత ఓపిగ్గా దిద్దాడు! అంత ఓపిక తనకోసం ఇంకెప్పుడైనా పెట్టాడా? దారంతా వల్లెవేసుకున్న నడుంనొప్పి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"సంతకాలు నావండీ. రోగాలు మావారు రాసినవి. మందలించండి, పడతాను. నా పేరు మాత్రం ఈసారి జాబితాలో ఉంచండి. పిల్లలకు చదవడం నేర్పడం నాకు రావట్లేదు."

అధికారిణి ఉత్తరాలన్నీ దొంతిగా పేర్చి పక్కన పెట్టింది. తర్వాత మందలింపు రాసింది. జాబితా తెప్పించి పేరూ రాసింది.

బయట బెంచీ మీద భర్త కూర్చుని ఉన్నాడు.

"ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను."

ఆయన తల దించుకున్నాడు. "పదిరోజులు ఇల్లు బోసిగా ఉంటుందని రాశానే. ఇంకేం లేదు."

అబద్ధం కాదు. ప్రేమే. ఆ ప్రేమ కింద పదకొండు తరగతుల పిల్లలు నలిగిపోయారన్నదీ అబద్ధం కాదు. అందుకే ఆమె ఓదార్చలేదు.

"సోమవారం బయల్దేరతాను" అంది.

"వెళ్లు. ఈ సంగతి మాత్రం నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు. అక్కడ ఏం నేర్చుకొచ్చావని, ఆమె బతికున్నన్నాళ్లూ ఒక్కసారైనా అడగలేదు.