ఆ పేరుగలవాళ్ళు మా ఊళ్ళో లేరు

రోహిణి కార్తె ఎండలో మార్కాపురం బజారుకు పోయి ఉన్ని స్వెట్టరు అడిగితే దుకాణందారు ఎలా చూస్తాడో ఎలీషబాకు ఆ రోజు తెలిసింది. అతను ముందు ఆమెను చూశాడు, తర్వాత బయట కాగిపోతున్న రోడ్డును చూశాడు, చివరికి "ఎవరికమ్మా, బాలింతకా?" అని అడిగాడు.

ఎలీషబా కూతుర్ని ముందుకు లాగింది. "మా పాపకు. పోలండ్ పోతాంది."

పోలండ్ ఎక్కడుందో అతనికీ తెలియదు, ఆమెకూ తెలియదు. అయినా ఇద్దరూ తెలిసినట్టే తలలూపుకున్నారు. అటక మీది నుంచి రెండు స్వెట్టర్లు, ఒక మంకీ క్యాపు దిగాయి. మంచు దేశంలో అవి ఏ మూలకూ చాలవని, అక్కడే కొనుక్కుంటానని కేథరిన్ చెప్పి చూసింది. ఎలీషబా వినే రకం కాదు. "దిగంగానే చలి పెడితే? దుకాణం దొరికిందాకా వణుక్కుంటా నిలబడతావా?" అంది. దానికి జవాబు కేథరిన్ చదివిన ఎంబీఏలో ఎక్కడా లేదు.

కేథరిన్ హైదరాబాదులో ఎంబీఏ మొదటి ఏడు పూర్తిచేసింది. ఆ కాలేజీకి పోలండ్‌లో ఒక బిజినెస్ స్కూలుతో ఒప్పందం ఉంది. ఇక్కడి నుంచి ఇద్దరు వెళ్ళి అక్కడ ఒక సెమిస్టరు చదువుతారు, అక్కడి నుంచి ఇద్దరు వచ్చి ఇక్కడ చదువుతారు. ఈ ఏడు వెళ్ళే ఇద్దరిలో కేథరిన్ ఒకతె. మిరప కోతలకూ కంది కోతలకూ కూలికి పోయే మోషే, ఎలీషబాల కూతురు పరాయి దేశంలో మార్కెటింగ్ చదవబోతోందంటే దోర్నాల దాటాక అడవి అంచున ఉన్న ఎర్రచెలమ అనే ఆ చిన్న పల్లెకు అది అర్థమయ్యే సంగతి కాదు. అందుకని ఎలీషబా ఎవరికీ వివరంగా చెప్పలేదు. దిష్టి తగులుతుందని కూడా కొంత భయం.

రెండు నెలలుగా కేథరిన్‌కు ఇదే పని. ఇక్కడి ఏ సబ్జెక్టుకు అక్కడి ఏ సబ్జెక్టు సరిపోతుందో పట్టిక రాసి ప్రొఫెసర్ల చేత సంతకాలు పెట్టించింది. హాస్టలు గదికి దరఖాస్తు పంపింది. పోలిష్ భాషలో నమస్కారం, కృతజ్ఞతలు ఫోనులో నేర్చుకుని ఇంటి గేదె మీద ప్రయోగించి చూసింది. ఇక మిగిలింది పాస్‌పోర్టు ఒక్కటే. దాని కాపీ జూన్ నెలాఖరులోగా కాలేజీకి ఇవ్వాలి, లేకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న అమ్మాయికి పోతుంది. ఈ సంగతి కాలేజీవాళ్ళు మొహమాటం లేకుండా మెయిల్లో రాశారు.

స్వెట్టర్ల సంచి ఒళ్ళో పెట్టుకుని దోర్నాల బస్సులో కూర్చున్నప్పుడు ఆమె ఫోను మోగింది. పాస్‌పోర్టు ఆఫీసు నుంచి మెసేజి. పోలీసు విచారణ నివేదిక ప్రతికూలంగా వచ్చిందట. కారణం, దరఖాస్తుదారు ఆ చిరునామాలో లేరు.

కేథరిన్ రెండోసారి చదివింది. పుట్టి పెరిగిన ఊళ్ళో తను లేదట.

మర్నాడే పోలీస్ స్టేషనుకు వెళ్ళింది. విచారణ చేసిన కానిస్టేబులు ఈశ్వరప్రసాద్ దర్శి వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు, ముప్పై కూడా ఉండవు. చెడ్డవాడేం కాదు. ఫైలు తీసి ఆమె ముందు పెట్టాడు.

"నేను ఊరికే రాయలేదమ్మా. మీ ఇంటికి తాళం ఉంది. చుట్టుపక్కల ఏడిళ్ళు తిరిగినా. మీ పక్కింట్లో ముసలమ్మ అనే అవ్వ, ఆ పేరుగలవాళ్ళు మా ఊళ్ళో లేరు అని చెప్పింది. సుబ్బయ్య, అదే మాట. రాణి, అదే మాట. అంకన్న అనే పెద్దాయనైతే కేథరిన్ అనే పేరే ఈ జన్మలో వినలేదన్నాడు."

అంకన్న తాత ప్రతి క్రిస్మస్‌కూ వాళ్ళింట్లోనే భోంచేస్తాడు. పోయినసారి మాంసం కూర రెండోసారి వడ్డించింది కేథరినే.

"పాస్టర్ వెస్లీ గారిని అడగలేదా సార్? సాక్షుల్లో ఆయన పేరు కూడా రాశాను."

"గిద్దలూరులో మీటింగులకు పోయినాడంట. మిగిలింది ముసలమ్మ. నువ్వు సాక్షిగా రాసిన మనిషే లేదంటే నేనేం రాయాల?"

కేథరిన్ హాస్టల్లో ఆ ఫారం నింపుతున్నప్పుడు 'మిమ్మల్ని ఎరిగినవారు' అన్న చోట ఆలోచించకుండా పక్కింటి ముసలమ్మ పేరు రాసింది. ముసలమ్మ కంటే తనను ఎక్కువ ఎరిగినవాళ్ళు ఎవరున్నారు? కాకపోతే ఆ సంగతి ముసలమ్మతో ఒక్క మాట చెప్పాలన్న జ్ఞానం మాత్రం ఆ చదువుకున్న పిల్లకు కలగలేదు.

పాస్‌పోర్టు ఆఫీసుకు అర్జీ పెట్టుకుంటే మళ్ళీ విచారణకు పంపుతారని, అప్పుడు తానే వస్తానని ఈశ్వరప్రసాద్ చెప్పాడు. "కానీ ఆ అవ్వ ముందు లేదని చెప్పింది రికార్డులో ఉంది. ఈసారి ఆమే ఉందని చెప్పాల. లేకపోతే నేనేం చేయలేను."

ఊళ్ళో బస్సు దిగీ దిగగానే కేథరిన్ ఇంటికి కూడా పోకుండా ముసలమ్మ దగ్గరికి పోయింది. ముసలమ్మవాళ్ళది అడవిలో తేనె, చింతపండు, కుంకుళ్ళు ఏరుకుని బతికే కుటుంబం. ఇప్పుడు ఆమె ఒక్కతే మిగిలింది. చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"అవ్వా, నేను ఈ ఊళ్ళో లేనా?"

"లేకేం? నా కళ్ళ ముందరే ఉండావు గదా."

"మరి పోలీసాయనకు లేదని ఎందుకు చెప్పినావు?"

ముసలమ్మ ముఖం వెలిగిపోయింది. గొంతు తగ్గించి, "వచ్చినాడు పాపా. మోటర్ సైకిల్ మీద వచ్చినాడు. కాగితం తీసి నీ పేరే చదివినాడు. నా గుండె జారిపోయింది అనుకో. అయినా బయటపడలా. లేదని చెప్పి పంపించినా. సుబ్బయ్యకూ రాణికీ సైగ చేసినా. నువ్వేం భయపడబాక, ఇంక రాడు," అంది. మెచ్చుకోలు కోసం కేథరిన్ ముఖంలోకి చూసింది.

కేథరిన్‌కు ఒళ్ళు మండిపోయింది. "ఎవరు చెప్పమన్నారు నీకు? నా చదువంతా మట్టిపాలు చేసినావు గదవ్వా!" అని వీధి వీధంతా వినేలా అరిచి వచ్చేసింది. ముసలమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర ఎలీషబా కూతుర్ని కూర్చోబెట్టింది.

"అవ్వ మీద అరిచినావంట."

"అరవకుండా ఏం చేయాలమ్మా?"

"పోలయ్య మామ సంగతి నీకు ఏమని చెప్పినాం?"

పోలయ్య ముసలమ్మ కొడుకు. అతని ఫోటో ఆ ఇంట్లో గోడకు ఉంది. "అడవిలోకి పోయి తిరిగి రాలేదని."

"అడవిలోకి పోలా." ఎలీషబా పొయ్యిలో కట్టె ఎగదోసింది. "అడవిలో అన్నల కోసం పోలీసోళ్ళు ఎక్కడ పడితే అక్కడ ఎతుకుతన్న కాలం అది. నువ్వు ఇంకా పుట్టలా. జీపులో వచ్చి కాగితం తీసి, పోలయ్య ఇల్లు యాడ అని అడిగినారు. ఏ ఊరి స్టేషనోళ్ళో ఈనాటికీ తెలీదు. అవ్వే చెప్పింది. మా ఇల్లే నాయనా, లోపల అన్నం తింటన్నాడు, ఉండు పిలుస్తా అని. తనే పిలిచింది గూడా. ఏదో అడిగి సాయంత్రానికి పంపిస్తామన్నారు. ఎంగిలి చేత్తోనే జీపెక్కినాడు. అవ్వ ఆ కంచం మూడు రోజులు తీయలా."

అప్పటి నుంచి ఎర్రచెలమలో అదొక కట్టుబాటు అయిపోయింది. చేతిలో కాగితంతో వచ్చినవాడు ఎవరి పేరు చదివినా, ఆ పేరుగలవాళ్ళు మా ఊళ్ళో లేరు. ముసలమ్మ లేదంటే ఇక ఊరంతా లేదు. ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. ఒకసారి పింఛను ఇవ్వడానికి వచ్చిన కొత్త ఉద్యోగి పేరు చదివితే అంకన్న తానే లేనని చెప్పి ఆ నెల పింఛను పోగొట్టుకున్నాడు. దాన్ని చెప్పుకుని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. కేథరిన్ కూడా చిన్నప్పుడు నవ్వింది. ఇప్పుడు నవ్వినందుకు సిగ్గుపడింది, అరిచినందుకు ఇంకా సిగ్గుపడింది.

పొద్దున్నే పోయి ముసలమ్మ పక్కన చాప మీద కూర్చుని, తానూ గింజలు తీయడం మొదలుపెట్టింది. గుప్పెడు గింజలు పక్కన పోసి, "తప్పయింది అవ్వా," అంది.

ముసలమ్మ ఆ మాట విననట్టే, "యాడికి పోతన్నావు? ఎవరు పిలిచినారు?" అని అడిగింది.

కేథరిన్ చెప్పింది. అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు, ఇక్కడి పిల్లలు అక్కడికి పోతారు. చదువు అయిపోగానే ఎవరి ఊరికి వాళ్ళు తిరిగి వస్తారు.

"వాళ్ళ పిల్లల్ని మన దగ్గర పెట్టి మన పిల్లల్ని తీసకపోతారా?"

"అట్లనే అనుకో."

"అది కొంచెం నయమే." ముసలమ్మ ఆలోచించింది. "మళ్ళా ఎప్పుడొస్తావు?"

"ఫిబ్రవరి పదో తేదీ. కాగితంలో రాసి ఉంది."

"ఎవరు రాసినారు?"

"కాలేజీవాళ్ళు."

"పోలీసోళ్ళు రాసినారా?"

"లేదవ్వా. వాళ్ళెందుకు రాస్తారు?"

ముసలమ్మ మళ్ళీ చింతపండు మీదికి వంగింది. నువ్వు వచ్చి సాక్ష్యం చెప్పాలి అని అడగడానికి కేథరిన్‌కు నోరు రాలేదు. "నీకు కష్టమైతే వద్దులే అవ్వా. పాస్టర్ గారు చెప్తారు," అంది. అబద్ధమని ఆమెకు తెలుసు. ముసలమ్మ నోరు విప్పకపోతే పోలండ్ లేదు, స్వెట్టర్లు మళ్ళీ ఏ బాలింతకో పోతాయి.

జూన్ రెండో వారంలో ఈశ్వరప్రసాద్ వచ్చాడు. ఆ వారం నివేదిక పోకపోతే పాస్‌పోర్టు నెలాఖరుకు చేతికి రాదు. కేథరిన్ వీధిలో అందరికీ ఎదురుగా నిలబడింది. మోషే ఆ రోజు కూలికి పోలేదు. కానిస్టేబులు వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని కాగితం తీయగానే, పాపం, చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలన్నీ వాటంతటవే మూసుకుపోయాయి.

"కేథరిన్, తండ్రి మోషే. ఈ అమ్మాయి ఈ ఊరిదేనా?"

పాస్టర్ వెస్లీ అవునన్నాడు. ఈశ్వరప్రసాద్ రాసుకున్నాడు. "ఇంకా?"

సుబ్బయ్య గొంతు సవరించుకుని ముసలమ్మ ఇంటి వైపు చూశాడు. రాణి కూడా అటే చూసింది. అంకన్న ఆకాశం వైపు చూశాడు. ముసలమ్మ గుమ్మంలో లేదు. మోటర్ సైకిల్ చప్పుడుకే లోపలికి పోయింది. కేథరిన్ పిలుద్దామనుకుంది. నోటి దాకా వచ్చిన మాట, ఆ ఇంట్లో ఇంతకుముందు ఒకసారి జరిగిన పిలుపు గుర్తొచ్చి, ఆగిపోయింది.

ముసలమ్మ తనంతట తానే వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. నేరుగా వచ్చి కేథరిన్ మణికట్టు గట్టిగా పట్టుకుని కానిస్టేబులు ముందు నిలబడింది.

"ఈ పాపను ఎప్పుడు పంపిస్తారు?"

"నేను తీసుకుపోవడం లేదవ్వా. ఇది పాస్‌పోర్టు విచారణ."

"ఎప్పుడు పంపిస్తారు?"

"ఫిబ్రవరి పదిన వస్తానని చెప్పినా గదవ్వా," అంది కేథరిన్.

"నిన్ను అడగలా. ఈ నాయన్ని అడుగుతన్నా."

ఈశ్వరప్రసాద్ అయోమయంగా చుట్టూ చూశాడు. మోషే అతని చెవి దగ్గరికి వంగి, "ఆమె కొడుకును ఇట్లనే పేరు చదివి తీసకపోయినారు సార్. సాయంత్రానికి పంపిస్తామన్నారు. ఇరవై రెండేళ్ళయింది," అన్నాడు.

ఈశ్వరప్రసాద్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఫిబ్రవరి పదో తేదీ అవ్వా."

"రాయి."

"ఈ ఫారంలో దానికి గడి లేదవ్వా."

"గడి లేకపోతే వేరే కాగితంలో రాయి."

ప్యాడు కింది నుంచి తెల్ల కాగితం తీసి రాశాడు. ఎర్రచెలమ గ్రామస్తురాలు కేథరిన్ ఫిబ్రవరి పదో తేదీకి తిరిగి ఊరు చేరుతుంది. రాసింది పైకి చదివాడు. కింద సంతకం పెట్టాడు.

అప్పుడు ముసలమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ఉండాది సామీ. ఈ పాప మా ఊరిదే. ఎలీషబాకు కాన్పు చేసింది నేనే. బొడ్డు కోసింది నేనే." ఎడమ బొటనవేలు ఇంకుప్యాడుకు అద్ది ఫారం మీద నొక్కింది.

ఇక వీధికి నోళ్ళు వచ్చాయి. సుబ్బయ్య ఉందన్నాడు, రాణి ఉందంది. ఆ పేరే జన్మలో వినని అంకన్న, "కేథరిన్ గాక ఇంకెవరు సార్? నా చేతుల మీద పెరిగింది," అని అడగకముందే సాక్ష్యం చెప్పాడు. ఎలీషబా కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఈశ్వరప్రసాద్ తెల్ల కాగితాన్ని ముసలమ్మకు అందించాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ అతని ముందే పెట్టింది.

"నాకు చదువు రాదు నాయనా. ఈ గీతలు ఎవరివైనా నాకు ఒకటే." ఇంకుప్యాడును అతని వైపు జరిపింది. "నువ్వూ వేలు వెయ్యి."

ఈశ్వరప్రసాద్ తన బొటనవేలిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ఇంకులో అద్ది, తన సంతకం పక్కన, ఆమె చూస్తుండగా నొక్కాడు.

ముసలమ్మ ఆ ముద్రను ఊదింది. ఆరిందాకా ఊదింది. కాగితాన్ని ఒంటిచేత్తోనే నాలుగు మడతలు పెట్టి బొడ్డు సంచిలో దాచుకుంది. అప్పుడు వదిలింది కేథరిన్ చెయ్యి.