మూడో పాఠంలోంచి వెళ్ళిపోయిన పిలార్

పిలార్ కనబడకుండా పోయి అప్పటికి నలభై నిమిషాలు. స్పానిష్ విభాగంలో ఉన్న పాఠ్యపుస్తకాలన్నింట్లోనూ, మూడో పాఠం బొమ్మలో, రొట్టెల దుకాణం గుమ్మం దగ్గర ఆ పిల్ల నిలబడే చోట సరిగ్గా ఆ పిల్ల ఆకారంలో కన్నం ఉంది. కన్నంలోంచి వెనక పేజీలోని టమాటాలు కనిపిస్తున్నాయి.

బత్తిని ప్రసూన వైవా పదకొండింటికి. గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. రెండేళ్ళ ఎం.ఏ.లో మిగిలింది ఆ ఒక్క పరీక్షే. నోటీసు బోర్డు మీద మాత్రం సిరా ఆరని కాగితం ఒకటి వేలాడుతోంది: పిలార్ పోవడానికి కారకులెవరో మొదటి వైవా ముగిసేలోగా తేలాలి. తేలినవారికి డిగ్రీ అయితే డిగ్రీ, ఉద్యోగమైతే ఉద్యోగం రద్దు.

మొదటి వైవా ప్రసూనదే.

ఆమె గోడకు ఆనుకుని, పెదవులు కదుపుతూ చెప్పబోయేది ఒకసారి నెమరు వేసుకుంటుంది. "నా పేరు" దాకా వస్తుంది. అక్కడ వాక్యం ఆగిపోతుంది. మొదటిరోజు క్లాసులో సుభద్ర మేడమ్ ఒక్కొక్కరికీ పుస్తకంలోంచి ఒక పేరు తీసి ఇచ్చారు. హాజరు ఆ పేరుతోనే, చివాట్లు కూడా ఆ పేరుతోనే. ప్రసూనకు వచ్చింది పిలార్. ఇప్పుడు పిలార్ లేదు, వాక్యం ముందుకు కదలదు.

విభాగం బయట బల్ల మీద పిలార్ తండ్రి రామోన్ కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా గోధుమపిండి. కూతుర్ని వెతుక్కుంటూ పాఠంలోంచి బయటికి వచ్చేశాడు. పాఠంలో ఆయనకు రాసిచ్చిన వాక్యాలు పన్నెండు, వాటితోనే వెతకాలి.

"శుభోదయం. రొట్టె తాజాగా ఉంది," అంటాడు ప్రసూనను చూసి స్పానిష్‌లో. కళ్ళ నిండా నీళ్ళు.

"పొద్దటి సంది గదే అంటుండు," అంటాడు అటెండర్ యాదగిరి, ఆయనకు టీ గ్లాసు అందిస్తూ. "పందొమ్మిదేండ్ల సంది గోడ ఇవతల కూసోని ఆ పాఠం ఇంటున్న. బిడ్డ ఏదీ అని అడగనీకె పాపం ఆయనకు మాటల్లేవు. ఆ పాఠంల బిడ్డ ఎప్పుడూ ఎదురుగనే ఉంటది గద."

"ఎటు పోయిందో చూశావా అన్నా?"

"చూసిన. తొమ్మిదీ నలభైకి గేటు దాటింది. నీ చున్నీ, నీ బ్యాగు, నీ నడక. నువ్వే అనుకుని టిఫిన్ చేసినవా అని గూడ అడిగిన. చేయలే, ఇంటికాడ తింట అన్నది. తెలుగు మస్తు మాట్లాడింది, నీ కన్న నయం. మోత్కూరు బస్సెక్కింది."

ప్రసూన ఊరు మోత్కూరు అవతల. బస్సులో రెండున్నర గంటలు పడుతుంది, అయితే బస్సులు ఇవాళ తొందరలో ఉన్నాయని యాదగిరి చెబుతాడు. ఆమె ఫోన్ తీసి తండ్రికి కలుపుతుంది.

"నాయినా, నేను ప్రసూనను."

అవతల గాలి, తాటాకుల గలగల. తర్వాత లింగయ్య గొంతు. "ప్రసూన ఈడనే ఉంది గదా. గిప్పుడే బస్సు దిగొచ్చింది."

"అది నేను కాదు నాయినా."

"చెట్ల కాడికి వస్త, చూపియ్యి అంటుంది. ఇరవై మూడేండ్లల్ల ఎన్నడన్న అన్నదా ఆ మాట? మోకు తీసి భుజాన గూడ ఏసుకుంది. బరువుందా బిడ్డా అంటే నవ్వుతుంది." ఆయన గొంతులో అంత సంబరం ప్రసూన ఎప్పుడూ వినలేదు. "నువ్వు దాని దోస్తువా? కొంచెం ఆగి ఫోన్ చేయమ్మా. ఎండ ముదరకముందు చెట్టు దిగాలె."

ఫోన్ పెట్టేస్తాడు.

కల్లు గీసేవాళ్ళు నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే ఆ తాడు ఎంత బరువుంటుందో ప్రసూనకు తెలియదు. పిలార్‌కు ఇప్పుడు తెలుసు.

సుభద్ర మేడమ్ గది దగ్గరే, నాలుగు అడుగులు. ప్రసూన బయల్దేరేసరికి వరండా పొడవు పెరుగుతుంది. దాటిన ప్రతి తలుపు మళ్ళీ ముందుకొచ్చి నిలబడుతుంది. ఆమె పరుగెత్తుతుంది. వెనకాల రామోన్ కూడా పరుగెత్తుతాడు, "ధన్యవాదాలు, మీరెలా ఉన్నారు" అని రొప్పుతూ. గోడ గడియారాలు ఒక్కో తలుపుకూ ఒక నిమిషం తింటాయి. మేడమ్ గదికి చేరేసరికి పదీ నలభై.

మేడమ్ జవాబు పత్రాలను నీళ్ళలో జాడించి, పిండి, తీగ మీద ఆరేస్తున్నారు.

"మేడమ్, పిలార్ మా ఇంట్లో ఉంది. మా నాయిన ఆమెనే నేననుకుంటున్నాడు."

"ఉంటుంది మరి," అంటారు మేడమ్, నోట్లోని క్లిప్పు తీసి. "నువ్వు వాళ్ళ నాన్నను తెచ్చుకున్నావు. ఆ పిల్ల ఎక్కడికి పోతుంది? ఎక్కడ కూతురు జాగా ఖాళీగా ఉందో అక్కడికి పోయింది."

"నేనెప్పుడు తెచ్చుకున్నాను?"

"ల్యాబ్‌లో నీ గొంతు రికార్డులున్నాయి, విను. నేను మాత్రం నిజం చెప్పమని ఎవర్నీ అడగలేదమ్మా. ధారగా చెప్పమన్నాను. తాటిచెట్టు, కల్లు అని నువ్వు తడుముకుంటే నలభై మార్కులు వస్తాయి. రొట్టెల దుకాణం అంటే ఎనభై."

"ఆమెను వెనక్కి రప్పించలేమా?"

"పదకొండింటికి ఎక్స్‌టర్నల్ గారు రాసిందే ఖాయం. నా తండ్రి రొట్టెలు చేస్తాడని ఇంకొక్కసారి అన్నావా, ఈయన నీకు తండ్రి, ఆయన ఆ పిల్లకు తండ్రి. డిగ్రీ చేతికొస్తుంది, గొడవ ఉండదు." ఆవిడ మరో పత్రం పిండుతారు. సిరా బొట్లు బొట్లుగా కారుతుంది. "కారకుల పేరంటావా, ఎవరిదో ఒకరిది చెప్పు. యాదగిరి ఎలాగూ వచ్చే నెల రిటైరవుతున్నాడు."

ల్యాబ్‌లో పన్నెండో గూడు ప్రసూనది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తుంది. నాలుగు సెమిస్టర్లు, నాలుగు రికార్డులు, నాలుగింటా ఆమె గొంతే. నాలుగోది ఆగకుండా పారుతుంది: నా పేరు పిలార్, నా తండ్రి రొట్టెలు చేస్తాడు, మా దుకాణం చౌరస్తాలో ఉంది. మూడోదీ అంతే. రెండోదీ అంతే. మొదటి రికార్డులో మాత్రం "నా తండ్రి" తర్వాత కాస్త ఆగుతుంది.

ఆ ఆగిన చోటు నాలుగు సెకన్లు. ప్రసూన అందులోకి నడుస్తుంది.

లోపల పల్చటి ఎండ. లింగయ్య నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఫొటో దిగడానికి వచ్చినవాడిలా. మోకు, కత్తులు పక్కన నీటుగా సర్ది ఉన్నాయి. తన గురించి ఏదో చెప్పబోతున్నారని ఆయనకు తెలుసు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పెట్టుకుంటున్నాడు.

"నాయినా, ఇంకొంచెం ఉండు," అంటుంది ప్రసూన.

"నాదేముంది బిడ్డా, నువ్వు కానియ్యి," అంటాడాయన.

నాలుగు సెకన్లు అయిపోతాయి. బయట రెండేళ్ళ కిందటి ఆమె గొంతు "రొట్టెలు చేస్తాడు" అంటుంది. లింగయ్య మోకు తీసుకుని, ఎవరికో దారి ఇచ్చినట్టు, పక్కకు జరుగుతాడు.

వైవా గదిలోకి వెళ్ళేసరికి సరిగ్గా పదకొండు. రైలు ఆలస్యమైనందువల్ల ఎక్స్‌టర్నల్ గారు ఇంకా పూర్తిగా చేరలేదు. రెండు చేతులూ, గొంతూ వచ్చాయి. చేతులు టేబుల్ మీద మార్కుల షీట్ సర్దుకుని పెన్ను మూత తీస్తాయి. సుభద్ర మేడమ్ ఓ పక్క కూర్చున్నారు. రామోన్ తలుపు దగ్గర నిలబడి ప్రసూన వంక చూస్తాడు, పాఠంలో కూతురి వంక చూసినట్టే.

"కుటుంబం గురించి చెప్పండి," అంటుంది గొంతు స్పానిష్‌లో. "తండ్రితో మొదలుపెట్టండి."

"నా తండ్రి," అంటుంది ప్రసూన.

మేడమ్ తల ఆడిస్తారు. రొట్టెల వాక్యం వరసగా, నున్నగా, నాలుక మీద తయారుగా ఉంది. అనడమే తరువాయి. అక్కడ ఆ పిల్ల ఈపాటికి చెట్టు కింద మోకు విప్పుతూ ఉంటుంది.

"నా తండ్రి చెట్టు ఎక్కుతాడు," అంటుంది.

ఆమె కూర్చున్న కుర్చీ కాళ్ళు జానెడు పెరుగుతాయి.

"తాడుతో ఎక్కుతాడు. పైన కత్తి... కత్తితో కోస్తాడు. కుండ కడతాడు." మాటలు తడబడుతున్నాయి. ఒక్కో తప్పుకూ షీట్ మీది మార్కు ఒకటి ఊడి గచ్చు మీద టప్పున పడుతుంది. కుర్చీ మరో మూర లేస్తుంది. "పొద్దున ఎక్కుతాడు. సాయంత్రం ఎక్కుతాడు. నేను చిన్నప్పుడు కింద నిలబడేదాన్ని. తర్వాత నిలబడలేదు."

తల పైకప్పుకు తగులుతుంది. పైకప్పు పక్కకు జరిగి దారి ఇస్తుంది.

"అయితే మూడో పాఠంలోంచి ఆ అమ్మాయిని వెళ్ళగొట్టిందెవరు?" చేతులు పెన్ను ఎత్తి పట్టుకుని ఉన్నాయి. గొంతు కింద నుంచి సన్నగా వస్తోంది.

"యాదగిరి అను," అంటారు మేడమ్, అంత లోతునుంచీ మామూలుగానే. "ఆయనేమీ అనుకోడు."

మేడమ్ పేరే ప్రసూన నాలుక చివరి దాకా వస్తుంది. ఒక్క క్షణం అక్కడే ఉంటుంది. అది కూడా కొంత నిజమే. కుర్చీ ఇంకా లేస్తోంది. వాటర్ ట్యాంకులు, మెట్రో పట్టాలు కిందికి దిగిపోతున్నాయి. గాలికి కుర్చీ మెల్లగా ఊగుతుంది. ఆమె కాళ్ళు దగ్గరికి ముడుచుకుంటుంది, పట్టుకోవడానికి ఏమీ లేదు.

అప్పుడు చూస్తుంది. నగరం పొడుగునా, ఇళ్ళ మీదుగా, అటువంటి కుర్చీలే. వందలు. సన్నటి పొడుగాటి కాళ్ళ మీద, మబ్బుల్లో, ఒక్కో కుర్చీలో ఒక్కో అభ్యర్థి, ఒకరికొకరు వీపు పెట్టి, తలా ఒక భాషలో తమది కాని ఇంటి గురించి ధారాళంగా చెబుతున్నారు. ఎవరూ తడబడటం లేదు. వాళ్ళ నోట్లోంచి వస్తున్న ఇళ్ళు, గడపలతో, కిటికీలతో సహా, పక్షుల్లా వరస కట్టి పడమటికి ఎగిరిపోతున్నాయి.

"కారకుల పేరు," అంటుంది కింద గొంతు. "వినబడేలా చెప్పండి."

ప్రసూన ముడుచుకున్న కాళ్ళు చాపి కుర్చీ మీద నిలబడుతుంది.

"బత్తిని ప్రసూన," అంటుంది. "బత్తిని లింగయ్య బిడ్డ."

కుర్చీల్లో అందరూ మాట ఆపి, ఆమె వైపు తిరుగుతారు.