ఎండలయ్యను గెలిచే దారి

పొద్దున్నే షట్టరెత్తి జిరాక్స్ మిషన్ మీద దుమ్ము తుడవటం నాగమల్లేశ్వరికి రోజూ ఉండే పని. మార్కాపురంలో రాతిపలకలు కోసే దుమ్ము తుడిచే కొద్దీ వస్తానే ఉంటది, అయినా తుడవక తప్పదు. అది అయ్యేలోపు ఎదురుగా ఉన్న వాటర్ ప్లాంటు నుంచి అబ్బాస్ అలీ క్యాను భుజానేసుకొచ్చి దించిపోతాడు. ఆ వీధిలో ఎవరి బోరు వాళ్లకుంది, కానీ ఆ నీళ్లు ఒళ్లు కడుక్కోటానికీ అంట్లకీ మాత్రమే. తాగితే పళ్లు గారపడతాయి, కీళ్లు పట్టేస్తాయి. తాగటానికి అందరికీ అబ్బాస్ అలీ పెళ్లాం జైనాబీ నడిపే ప్లాంటు నీళ్లే. గిద్దలూరులో ఉన్న ఒక్క ఇల్లూ అమ్ముకొచ్చి, ఇక్కడ బోరేసి, మిషన్లు బిగించి పెట్టుకున్న ప్లాంటు అది. ఆ బోరుంటే వాళ్లున్నట్టు, లేకపోతే లేనట్టు.

మల్లేశ్వరికి దుకాణం గాక ఇంకో పనుంది. యుద్ధాలు రాస్తది. ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఒక ఆట నేర్చుకొచ్చింది. ఒకరు కథ నడుపుతారు, మిగిలినోళ్లు తలా ఒక వేషం పట్టుకొని ఏం చేస్తామో నోటితో చెబుతారు, అది జరిగిందా లేదా పాచికలు తేలుస్తాయి. కోటలూ దారులూ ఆమె పగిలిన పలక ముక్కల మీద సుద్దతో గీస్తది. ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసి ఆట. ఆడేది జైనాబీ, పలకలు కోసే మస్తానయ్య. మస్తానయ్య మనవళ్లున్న మనిషి, ఆటలో మాత్రం మీసం రాని విలుకాడు. ఆయన ముందర ఎవరూ నవ్వగూడదు, అలిగి పోతాడు.

మనిషి ఒళ్లు తొడుక్కొని దిగొచ్చిన దేవుళ్లతో కొట్లాటలు రాయటంలో మల్లేశ్వరి చెయ్యి తిరిగింది. "దేవుణ్ణి మనమేం చెయ్యలేం మామా," అనేది మస్తానయ్యతో. "కానీ ఒళ్లంటూ తొడుక్కున్నాక దానికి ఆకలుంటది, అలుపుంటది. ఆడ పట్టుకోవాల. గెలిచే దారి ఒక్కటన్నా పెట్టకుండా యుద్ధం రాస్తే అది యుద్ధం కాదు, చావు."

ఈ ఏడు ఆమె ఎండలయ్య మీద రాయటం మొదలుపెట్టింది. ఎండలయ్య ఆమె పుట్టించినోడు కాదు, ఏటా ఉగాది పోయినాక మార్కాపురం రోడ్డు స్టేషన్లో పాసింజరు దిగుతాడు. నెత్తిన తువ్వాల, పగిలిన పెదాలు, కాళ్లకు చెప్పులుండవు. ఆటోవాళ్లు ఆయన్ను బాడుగ అడగరు. ఏదో ఒక గడప ముందర నిలబడతాడు. నోరు తెరిచి అడగడు, ఊరికే నిలబడతాడు. ఎవరో ఒకరు గ్లాసుడు నీళ్లిస్తారు. తాగి, చల్లగుండమని దీవించి పోతాడు. ఆ నీళ్లు ఏ బోరువో ఆ బోరు అప్పుడే ఎండిపోతది. పోయినేడు దొనకొండ కాడ తాగినాడు, అంతకు ముందేడు వెలిగండ్లలో. పొద్దు గుంకేదాకా ఎవరూ ఇయ్యకపోతే వచ్చిన దారినే పోతాడని పెద్దోళ్లు అంటారు. అంటారు గానీ, అట్ల పోంగా చూసినోడు ఒక్కడూ లేడు. దాహంతో వాకిట్లో నిలబడినోణ్ణి పొద్దు గుంకేదాకా చూస్తా కూచోటం మన వైపు ఎవరికి చేతనైతది?

ప్లాంటు పెట్టినప్పట్నుంచీ జైనాబీకి అదే గుబులు. అందుకే మల్లేశ్వరి ఈ యుద్ధం రాసింది, అక్కకు అలవాటు చేద్దామని. కోట తలుపు ముందర ఎండలయ్య. లోపల బావి. పొద్దు గుంకేదాకా చేతులు కట్టుకొని కూచుంటే గెలిచినట్టే.

మొదటి ఆదివారం మస్తానయ్య బాణమేసినాడు. తగిలింది, గాయంలోంచి ఇసక రాలింది, అంతకు మించి ఏం కాలేదు. తర్వాత జైనాబీ వంతు.

"ఓ చెంబు నీళ్లిస్తా," అన్నది.

"అక్కా, ఆయన ఎండలయ్య."

"తెలుసులేవే. మిట్టమధ్యాహ్నం నిలబడినాడని నువ్వే చెప్తివి గదా."

బావి ఎండింది, కోట పోయింది. మల్లేశ్వరి ఆ యుద్ధాన్ని మార్చి రాసింది. ఎండలయ్యకు కోరలు పెట్టింది, తాటిచెట్టంత చేసింది. "కోరలున్నోడికి దాహం కాదా?" అన్నది జైనాబీ, చెంబు పట్టుకొని. ఆ పై ఆదివారం కోట నిండా పసిపిల్లల్ని పెట్టింది, బావి ఎండితే వాళ్లంతా పోతారని చెప్పింది. జైనాబీ పాచికలు అరచేతిలోనే తిప్పుకుంటా కూచుంది.

"పిల్లోళ్లకు సగం, ఆయనకు సగం," అన్నది చివరికి.

"నువ్వుండంగా మనకు ఇంకో శత్రువెందుకమ్మా," అని మస్తానయ్య తువ్వాల దులుపుకొని లేచినాడు.

ఆయన పోయినాక జైనాబీ పలక ముక్కలు సర్దుతా అన్నది, "నీళ్ల కాడ లేదనటం మా ఇంట్లో నేర్పలేదే మల్లీ. నిజంగా వస్తే నా వల్ల కాదు." ఎట్లాంటి దేవుడికైనా దారి కనిపెట్టిన మల్లేశ్వరి, ఈ ఆడమనిషి మంచితనానికి విరుగుడు కనిపెట్టలేకపోయింది. ఆ రోజు ఆమెకు ఏడుపొచ్చింది.

ఎండలయ్య బేస్తవారం వచ్చినాడు. మధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేదు. నేరుగా వచ్చి ప్లాంటు ముందర నిలబడినాడు. అబ్బాస్ అలీ క్యాన్లేసుకొని ఆటోలో యర్రగొండపాలెం రోడ్డున పోయినాడు. జైనాబీ ఒక్కతే లోపలుంది. షట్టరు కిందికి లాగింది గానీ చివరిదాకా దిగలేదు, అదెప్పుడూ మూరెడు ఎత్తులో ఇరుక్కుంటది. ఆధార్ జిరాక్స్ తీయించుకుందామని వచ్చిన మస్తానయ్య, మల్లేశ్వరి పక్కన నిలబడి చూస్తుండాడు. మల్లేశ్వరి ఫోన్ చేసింది.

"అక్కా, బయటికి రాబాక."

"కూలబడినాడే మల్లీ. షట్టరు సందులోంచి కాళ్లు కనపడతుండాయి. బొబ్బలెక్కినాయి."

"అటు చూడబాక. పొద్దు గుంకేదాకా, అంతే. ఆటలో చెప్పినట్టే."

"ఆటలో నేనెప్పుడు గెలిచినానే," అన్నది జైనాబీ, ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

పొద్దు కదలటం లేదు. ఎండలయ్య గోడకు తల ఆనించి నాలికతో పెదాలు తడుపుకుంటుండాడు, తడి లేని నాలిక. అంతలో షట్టరు కింద జైనాబీ పాదాలు కనిపించినాయి. పక్కన చెంబు. షట్టరు కొంచెం పైకి లేచింది.

అయిపోయింది, అక్క ఇచ్చేస్తది అనుకుంది మల్లేశ్వరి. అప్పుడు ఆమెకొక దారి తట్టింది, రాసిన యుద్ధంలో ఎక్కడా లేని దారి. అక్క కంటే ముందు తనే ఇస్తే? తన బోరు పోతది. పోనీ. స్నానానికి ఎవరింట్లోనో రెండు బకెట్లు తెచ్చుకుంటది, దానికేం ప్రాణం పోదు. అక్క బోరు నిలబడతది.

"స్వామీ, ఇట్ల రా," అని పిలిచింది. ఆయన గోడ పట్టుకొని లేచి, రోడ్డు దాటొచ్చినాడు. మల్లేశ్వరి గ్లాసు కడిగి, నీళ్లు పట్టి, రెండు చేతులతో ఇచ్చింది. ఆయన ఆపకుండా తాగినాడు. "చల్లగుండు తల్లీ," అని గ్లాసిచ్చి, స్టేషన్ వైపు నడిచిపోయినాడు.

మల్లేశ్వరి ఊపిరి పీల్చుకుంది. మస్తానయ్య మాత్రం గ్లాసు వైపు కాదు, మూలకు చూస్తుండాడు.

"ఏ నీళ్లిచ్చినావు పాపా?" అన్నాడు మెల్లగా.

దుకాణం వెనక బోరు కుళాయి ఉంది. మల్లేశ్వరి దాని కాడికి పోనే లేదు. వచ్చిన మనిషికి బోరునీళ్లు ఎవరన్నా ఇస్తారా, ఎంత తప్పు? గ్లాసు కడిగిన చెయ్యి దానంతటది క్యాను కాడికే పోయింది. పొద్దున అబ్బాస్ అలీ మూలన దించిపోయిన క్యాను. జైనాబీ బోరునీళ్లు.

ఎదురుగా షట్టరు గడగడమని పైకి లేచింది. జైనాబీ చున్నీ సర్దుకోకుండానే రోడ్డు దాటి పరిగెత్తుకుంటా వచ్చింది. మొహమంతా చెమట, కళ్లనిండా నీళ్లు, నవ్వుతుంది.

"పోయినాడే మల్లీ, లేచి పోయినాడు. నేనియ్యలేదు. చెంబు ఎత్తుకొని షట్టరు దాకా పోయినా, అల్లా మీద ఒట్టు. మళ్లీ నువ్వు చెప్పింది గుర్తొచ్చి, చెంబు ఆడనే పెట్టేసి, లోపలికి పోయి కళ్లు మూసుకొని కూచున్నా. తెరిచి చూస్తే లేడు. పొద్దు గుంకకముందే పోయినాడంటే ఈసారి నేను గెలిచినట్టే గదా?"

మస్తానయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. జైనాబీ వెనక, తెరిచిన షట్టరు లోపల, మోటరు తిరుగుతానే ఉంది. పైపులో నీళ్లు ఆగిపోయినాయి, గాలి బుసబుసమంటుంది.

"గెలిచినావక్కా," అన్నది మల్లేశ్వరి. వెనక్కి తిరగనీయకుండా ఆమె చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.