మిల్లు ఆగిన మధ్యాహ్నం

కాంట్రాక్టరు మనిషి రాడ్డుతో కొట్టిన దెబ్బకు తాపీమేస్త్రీ ముంజేయి విరిగింది. ఆ చప్పుడు మిద్దె మీద నుంచి వీధిలోకి వినబడింది. తర్వాత అతని సోలార్ ప్యానెళ్లు పగిలాయి. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. మేస్త్రీ వదిన టైలరమ్మ కూడా చూసింది.

మేస్త్రీ చేసిన తప్పు ఒక్కటే. వీధివాళ్లు ఇళ్లల్లో వాడుకోగా మిగిలిన కరెంటును లైనులోకి వదిలితే, కాంట్రాక్టరు చవగ్గా కొని మిల్లుకు ఎక్కువకు అమ్ముకునేవాడు. ఈసారి ధర సగానికి కోశాడు. "నీకు అమ్మను, ఏం చేసుకుంటావో చేసుకో" అని మేస్త్రీ స్విచ్చి కట్టేశాడు.

ఆ సాయంత్రం టైలరమ్మ ముందుగదిలో గుడ్డపీలికలు తొక్కుకుంటూ జనం కిక్కిరిశారు.

"వాళ్ల కాళ్లు విరగ్గొడదాం" అన్నాడు లారీ డ్రైవరు.

"దేవుడు చూస్తున్నాడన్నయ్యా, తొందరపడకు" అంది టైలరమ్మ.

"ఆయన చూసింది చాలమ్మా! నీ మరిది చెయ్యి విరుగుతుంటే కూడా చూశాడుగా!"

ఆమె తలెత్తి మిద్దె వైపు చూసింది. అందరి మీదా పడే ఎండకు ఒక్కడు యజమాని ఎట్లా అయ్యాడు? దేవుడు రాసిచ్చాడా? జనం వైపు తిరిగింది.

"ఒక్కడు ఆపితే చెయ్యి విరిచారు. అందరం ఆపితే ఎన్ని చేతులని విరుస్తారు?"

మర్నాడు మిట్టమధ్యాహ్నం ప్రతి మిద్దె మీదా ప్యానెళ్లకు దుప్పట్లు కప్పారు. కరెంటు చాలక మిల్లు ఆగిపోయింది. మిల్లు కూలీలు ఈలలు వేస్తూ వీధిలోకి వచ్చారు.

కాంట్రాక్టరు తన మనుషులతో, పోలీసు జీపుతో దిగాడు. వాళ్లు టైలరమ్మ మిద్దె ఎక్కి, ఆమెను జుట్టు పట్టి ఈడ్చారు. అడ్డొచ్చిన డ్రైవరు నోరు రక్తమైంది. కాంట్రాక్టరు మనుషుల్లో ఒక కుర్రాడు ప్యానెళ్ల మీది దుప్పటి లాగి పారేశాడు.

"మెయిన్ ఆపాం. ఇక ఆ తీగ చచ్చిన పాము. తెంపరా!" కింద నుంచి కాంట్రాక్టరు అరిచాడు.

మెయిన్ ఆపితే ఇల్లు ఆగుతుంది గాని ఎండ ఆగదు; ఎండ పడినంతసేపూ ప్యానెల్ తీగలో కరెంటు ఉంటుంది. రోజూ ప్యానెళ్లు తుడిచే ఆ వీధిలో అందరికీ తెలిసిన సంగతే.

"ముట్టుకోకు నాయనా, చస్తావ్!" టైలరమ్మ కేక పెట్టింది.

కుర్రాడు నవ్వాడు. తీగ తెంపి, రెండు కొసలూ పిడికిళ్లతో పట్టి లాగాడు. ఒళ్లు విల్లులా వంగింది. కాలిన మాంసం వాసన వచ్చింది. వాడు పిట్టగోడ మీదుగా వీధిలో పడి మళ్లీ కదల్లేదు.

"హత్య! ఆ ఆడదే చంపింది!" అన్నాడు కాంట్రాక్టరు.

పోలీసులు టైలరమ్మను మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చి జీపులో పడేశారు. ఆమె పెదవులు ఆ చచ్చినవాడి కోసమే ప్రార్థిస్తున్నాయి. వాడు తనకు శత్రువా? తెలియలేదు. పాపం, ఎవరి బిడ్డో.

"మిగతా మిద్దెలు ఎక్కండ్రా!" కాంట్రాక్టరు తన మనుషుల మీద అరిచాడు.

వాళ్లలో ఒక్కడూ కదల్లేదు. శవం తల ఒళ్లో పెట్టుకున్న మనిషి మెల్లగా లేచాడు. కుర్రాడికి సొంత అన్న.

"ఆమె వద్దంది. నువ్వు తెంపమన్నావు. నా చెవులతో విన్నా."

"నా తిండి తిని నాకే ఎదురు చెప్తావా?"

"నీ తిండే మా తమ్ముణ్ణి తినేసింది!"

అతను వెళ్లి జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. మొదటి లాఠీ అతని తల పగలగొట్టింది. పడిపోతుంటే మిల్లు కూలీలు భుజాలు ఆనించి నిలబెట్టారు. వాళ్ల వెనక వీధి వచ్చి నిలబడింది. లాఠీలు పడుతూనే ఉన్నాయి. జీపు మాత్రం అంగుళం కదల్లేదు.