వాల్వు పుస్తకంలో లేని గడి

ఆ శుక్రవారం మధ్యాహ్నం మోర్న్ కబ్రీ కొండ మీద ఒక్కరూ పొలానికి పోలేదు. అందరూ రొసాలి కొట్టు ముందు రేడియో చుట్టూ చేరారు. తమ ఊరి నీళ్ల సంగతి ఆ పూట పార్లమెంటులో అడుగుతానని ఎంపీ కాడెట్ గారు ముందే కబురు పంపింది.

సిప్రియన్ రొమాన్ కూడా వచ్చాడు గాని అందరికంటే వెనక నిలబడ్డాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ కొండ నీటి వాల్వు తిప్పేది అతడే. వారానికి రెండు రోజులు ఉదయం ఆరింటికి తెరవాలి, మధ్యాహ్నం రెండింటికి మూయాలి, ఆ రెండు వేళలూ శాఖవారి పుస్తకంలో ఎక్కించి, వారం వారం నకలు శాఖకు పంపాలి. ఏడు నెలలుగా కింది లోయలో పంపు చెడిపోయి పడి ఉంది. అయినా అతడు తెరిచాడు, మూశాడు, రాశాడు. అప్పగించిన పని తప్పరాదని చిన్నప్పుడు కన్యాస్త్రీలు బడిలో నేర్పారు. ఆ గుండ్రని చేతిరాతా వాళ్లు నేర్పిందే.

కాడెట్ గారి ప్రశ్న రేడియోలో స్పష్టంగా వినిపించింది. మంత్రి జవాబు అంతకంటే స్పష్టంగా వినిపించింది.

"ఆ ఊరి వాల్వును గత ఏడు నెలల్లో అరవై సార్లు తెరిచినట్టు శాఖ పుస్తకంలో నమోదై ఉంది. కనుక సరఫరా సక్రమంగానే జరుగుతున్నది."

కొట్టు ముందు తలలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తిరిగాయి.

ముందుగా నోరు విప్పింది ఒడిల్. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. కొండ కొసన ఇల్లు, ఇంటి చుట్టూ వాము ఆకు, ఉల్లికాడల మళ్లు. అరిగిన మోకాళ్లతో రోజుకు నాలుగు సార్లు లోయలోని ఊట దాకా దిగి బకెట్లు మోసేది.

"మా సిప్రియన్ రాత ముత్యాల కోవ. అరవై సార్లు నీళ్లిచ్చాడట, కాగితం మీద. రేపటి నుంచి నాకు బకెట్ ఎందుకు? ఆ పుస్తకం కిందే కూర్చుని తలంటుకుంటాను."

జనం నవ్వారు. సిప్రియన్ నవ్వలేదు.

"అబద్ధం రాయలేదత్తా. తెరిచానని రాశాను. తెరిచాను."

"తెలుసురా. నా ఏడుపంతా అదే. నిజమే రాసి ఊరిని ఎండగట్టావు."

ఆ రాత్రి అతడు దీపం ముందు పుస్తకం తెరిచి కూర్చున్నాడు. పుస్తకంలో ఉన్నవి రెండే గడులు: తెరిచిన వేళ, మూసిన వేళ. నీళ్లు వచ్చాయా అని అడిగే గడి లేదు. మొదటి నెలలోనే అతడు సూపర్‌వైజరుకు నోటిమాటగా చెప్పాడు. తిప్పడమే నీ పని, మిగతాది పైవాళ్లు చూసుకుంటారు, గడి దాటి రాయకు అని ఆయన గద్దించాడు. పక్క కొండ వాల్వుమనిషి గడి దాటి రాసినందుకు దక్షిణాన చిత్తడి నేలల్లోకి బదిలీ అయ్యాడు. సిప్రియన్ పింఛనుకు ఇంకా పధ్నాలుగు నెలలుంది. అతడు గడి దాటలేదు.

సోమవారం కాడెట్ గారే కొండెక్కి వచ్చింది. ఒడిల్ ఇంటి మెట్టు మీద కూర్చుని సిప్రియన్‌ను పిలిపించింది. తిట్టలేదు. సభలో తాను జనం మాట చెబితే మంత్రి పుస్తకం మాట చెబుతాడని, అక్కడ నెగ్గేది పుస్తకమేనని విడమరిచింది.

"పుస్తకంలో లేనిదాన్ని నేను అడగలేను, రొమాన్ గారూ. మీరు రాయండి. మంత్రి లెక్క చెబితే ఊరుకోను, ఆ పేజీలే సభ ముందు పెట్టమని అడుగుతాను."

"గడి దాటాలి కదమ్మా."

"దాటాలి. మీ ఉద్యోగానికి నేను పూచీ పడలేను. పడతానంటే అది అబద్ధం."

ఒడిల్ పక్క మడిలోంచి వాము మొక్క ఒకటి పీకి అతడి అరచేతిలో పెట్టింది. వేళ్లు ముడవగానే అది పొడి అయింది.

మంగళవారం ఆరింటికి సిప్రియన్ చక్రం తిప్పాడు. గొట్టం బుస కొట్టి ఊరుకుంది. అన్నాళ్లూ వాల్వు దగ్గరే కూర్చునేవాడు. ఆ రోజు మొదటిసారి ఇంటింటికీ వెళ్లి కొళాయిలు విప్పి చూశాడు. రెండింటికి మూసి, వేళలు రాసి, గడి దాటి పక్కన రాశాడు: "నీళ్లు రాలేదు. సి. రొమాన్." ముత్యాల కోవ ఆ ఒక్క వరుసలో వంకరపోయింది.

శుక్రవారమూ అదే రాశాడు. మూడో వారంలో శాఖ నుంచి హెచ్చరిక ఉత్తరం వచ్చింది. దాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుని మళ్లీ రాశాడు.

ఏడు వారాల తర్వాత రేడియో చుట్టూ ఊరు మళ్లీ చేరింది. కాడెట్ గారు పేజీలు అడిగింది, చదవమని పట్టుబట్టింది. మంత్రి మొదటి నమోదు చదివాడు: వాల్వు తెరిచారు, నీళ్లు రాలేదు. రెండోది చదివాడు: తెరిచారు, రాలేదు. మూడోదానికి గొంతు సవరించుకుని, మిగిలిన పన్నెండూ ఇలాగే ఉన్నాయన్నాడు. సభలో ఎవరో అవీ చదవండన్నారు. చదవలేదు గాని, నెలాఖరులోగా కొత్త పంపు పెడతామని మాట ఇచ్చాడు.

"ఏ ఏడాది నెలాఖరో కూడా అడగమనండి," అంది రొసాలి.

నెలాఖరు దాటిపోయింది. దాటిన తొమ్మిదో రోజు లోయలోకి లారీ వచ్చింది.

కొత్త పంపు బిగించాక వచ్చిన మంగళవారం సిప్రియన్ చక్రం తిప్పితే గొట్టం దగ్గింది, వణికింది, బరువెక్కింది. చర్చి దగ్గర కొళాయిలో ముందు తుప్పునీళ్లు, తర్వాత తేటనీళ్లు వచ్చాయి. ఆడవాళ్లు బిందెలు పడుతుండగా అతడు పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటింటికీ చూసుకుంటూ కొస దాకా ఎక్కాడు. ఒడిల్ కొళాయిలోంచి గాలి మాత్రమే వచ్చింది.

"ఇంత ఎత్తుకు సత్తువ చాలడం లేదత్తా," అన్నాడు తల వంచుకుని.

"చర్చి దాకా వచ్చాయా?"

"వచ్చాయి."

"అయితే అదీ రాయి, ఇదీ రాయి. ఒకటి రాసి ఒకటి మింగావో, ఊరుకోను."

అతడు మెట్టు మీద కూర్చున్నాడు. జేబులోంచి స్కేలు తీసి, పేజీ పై నుంచి కింది దాకా మూడో గడికి గీత గీశాడు. ఎవరినీ అడగలేదు. అందులో గుండ్రంగా రాశాడు: "చర్చి దాకా వచ్చాయి. ఒడిల్ ఇంటికి ఇంకా రాలేదు."

ఆమె కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. బాగుందనలేదు. లోపలికి వెళ్లి రెండు బకెట్లు తెచ్చి, ఒకటి అతడి చేతికిచ్చింది. ఆ పూట వాళ్లు ఊట దాకా దిగనక్కర్లేకపోయింది. చర్చి దాకా వెళ్తే చాలు.